మాతృత్వమూ – మేని సొగసూ

అందానికి పెట్టిన సొమ్ము ఆపదకు అక్కరకు వస్తుందని మన పెద్దల మాట. కాసులపేరు, కంటె, వడ్డాణం, గాజులు – ఇవి ఇల్లాలికి పండుగనాడు అలంకారం, కరవునాడు ధాన్యం. బిడ్డ చదువుకో, భర్త జబ్బుకో నగ తాకట్టుపెట్టి గండం గడుపుకొన్న సంసారాలు మన ఊళ్ళలో ఎన్ని లేవు! అందుచేతనే మన సమాజం స్త్రీల అలంకారప్రీతిని పైకి ఎంత పరిహసించినా, లోలోపల దానిని ఆమోదిస్తూనే వచ్చినది.

నేడు అందానికి పెట్టే సొమ్ము మరొక త్రోవ పట్టినది. నగలకు గాక, నగలు ధరించే దేహానికే మెరుగులు దిద్దుకొనే కాలం వచ్చినది. ఈ సొమ్ము ఆపదకు అక్కరకు రాదు. ఒక్కొక్కప్పుడు ఆపదనే వెంటబెట్టుకొని వస్తుంది. అయినా ఇందుకోసం ఆసుపత్రి మెట్లెక్కే వారందరూ విలాసవతులు కారు. ఇద్దరు ముగ్గురు బిడ్డలను కని పెంచుతున్న గృహిణులు, ఉద్యోగినులు, ఉపాధ్యాయినులు కూడా వారిలో ఉన్నారు. బిడ్డలు కలిగిన తరువాత వక్షోజాల నిండుదనం తగ్గిపోయినది. దానిని శస్త్రచికిత్సతో పూరించుకొనవచ్చునా, కూడదా? ఇదీ వారి ముందున్న ప్రశ్న.

సాహిత్యపు పుటలలో ఈ ప్రస్తావన ఏమిటని కొందరు కనుబొమలు ముడివేయవచ్చును. కాని మన కవులు శతాబ్దాల తరబడి వర్ణిస్తూ వచ్చిన అవయవాన్ని గూర్చి, ఆ అవయవం గల మనిషి ఒక కష్టమైన నిర్ణయం చేయవలసివచ్చినప్పుడు మాత్రం మనం మౌనం వహించడం న్యాయం కాదు.

కావ్యం చూడని స్త్రీ

ప్రబంధకవులు నాయికను వర్ణించేటప్పుడు జక్కవపిట్టలను, బంగారు కుండలను, ఏనుగు కుంభస్థలాలను, కొండలను తెచ్చి ఉపమానాలుగా నిలిపినారు. తరగతిలో అటువంటి పద్యం వచ్చినప్పుడు ఉపాధ్యాయుడు గొంతు సవరించుకొని ముందుకు సాగిపోవడం, వెనుక బల్లలలో గుసగుసలు పుట్టడం మనకు అనుభవమే. మరొక ప్రక్క మన పురాణాలు తల్లిపాలను దైవత్వపు స్థాయికి ఎత్తినవి. పోతన భాగవతంలోని దశమస్కంధమే ఇందుకు చాలును. విషం నింపుకొని వచ్చిన పూతన సైతం శిశువుకు చన్నిచ్చిన కారణాన సద్గతి పొందినది. యశోద కృష్ణునికి పాలిస్తూ, పొయ్యిమీది పాలు పొంగిపోతున్నవని బిడ్డను దింపి పరుగెత్తినది.

ఈ రెంటి నడుమ ఒక స్త్రీ ఉన్నది. ఆమె ప్రబంధనాయిక వలె కన్నె కాదు. యశోద వలె ఆమె ఒడిలో చంటిబిడ్డ లేదు. బిడ్డ పాలు మానినాడు, బడికి పోతున్నాడు. ఆమె వయస్సు ముప్పదియో, ముప్పదియైదో. ఆమె దేహాన్ని గూర్చి మన ప్రాచీన కావ్యాలకు పెద్దగా పట్టలేదు. ముద్దుపళని వంటి ఒకరిద్దరిని మినహాయిస్తే, స్త్రీ దేహాన్ని గూర్చి స్త్రీయే చెప్పుకొన్న సందర్భాలు ఆ కాలంలో అరుదు. 1993లో వెలువడిన ‘నీలిమేఘాలు’ సంకలనం, కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’ వంటి కవితలు వచ్చిన తరువాతనే ప్రసవమూ, దేహమూ స్త్రీ అనుభవంగా తెలుగు కవిత్వంలో గట్టిగా వినిపించినవి. అప్పటికి ఉపమానాలు మాత్రం మన మనస్సులలో పాతుకొనిపోయినవి. నేటి ప్రకటనల పటాలు ఆ ఉపమానాలకే రంగులద్ది వీథిలో నిలబెట్టినవి.

ప్రకృతి చేసే మార్పు

మొదట శాస్త్రం చెప్పే మాట తెలుసుకొందాము. గర్భం ధరించిన నాటినుండి స్త్రీ వక్షంలోని క్షీరగ్రంథులు పెరుగుతూ వస్తవి. పైచర్మం అందుకు తగినట్లు సాగుతుంది. బిడ్డ పాలు మానిన తరువాత ఆ గ్రంథులకు పని ఉండదు కనుక కుంచించుకొనిపోతవి. సాగిన చర్మం మాత్రం పూర్తిగా పూర్వస్థితికి రాదు. ఇది రోగం కాదు, లోపం కాదు. ఒక పని ముగిసినదని దేహం చెప్పే గుర్తు.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. పాలివ్వడం చేతనే అందం చెడుతుందని నమ్మి, బిడ్డకు పాలు తొందరగా మాన్పించే తల్లులు ఉన్నారు. 2007లో అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్లాస్టిక్ సర్జన్ బ్రయన్ రింకర్, ఆయన బృందం, శస్త్రచికిత్స కోరి వచ్చిన తల్లులను పరిశీలించి వేరు విధంగా చెప్పినారు. వక్షోజాలు జారడానికి వయస్సు, గర్భధారణల సంఖ్య, శరీరపు బరువు, పొగత్రాగే అలవాటు, గర్భానికి ముందున్న పరిమాణం కారణాలు కాగా, పాలిచ్చినందువలన అదనంగా ఏ మార్పూ వారికి కానరాలేదు. మార్పు తెచ్చేది గర్భధారణయే గాని స్తన్యం కాదన్నమాట. బిడ్డకు 6 నెలలు తల్లిపాలు మాత్రమే ఇచ్చి, తరువాత ఇతర ఆహారంతో బాటు 2 సంవత్సరాలు, ఆపైన కూడా పాలు కొనసాగించవలెనన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహాను అందం పేర త్రోసిపుచ్చనక్కరలేదు.

యాప్రాల్‌లో ఒక మధ్యాహ్నం

నేను నివసించే యాప్రాల్ సికిందరాబాదుకు ఉత్తరాన, కంటోన్మెంటు ప్రాంతాన్ని ఆనుకొని ఉన్నది. ఒకనాటి పల్లె, సైనికోద్యోగుల కుటుంబాలు, పదవీ విరమణ చేసినవారు వచ్చి చేరగా నేడు మేడలతో నిండిపోయినది. ఆ వీథులలోనే కాపురముంటున్న నా పూర్వ విద్యార్థిని ఒకతె ఒకనాటి మధ్యాహ్నం మా ఇంటికి వచ్చినది. ఒక బడిలో ఉపాధ్యాయిని. ఇద్దరు పిల్లల తల్లి. చేతిసంచిలోనుండి ఏదో ఆసుపత్రి వారి కరపత్రం తీసి నా ముందుంచి, చాలసేపు మాట్లాడలేదు.

ఇటువంటి కోరికకు వెనుక భర్త మాటయే ఉంటుందని మనం తొందరపడి అనుకొంటాము. నేనూ ఆ ప్రశ్నయే వేసినాను. “లేదు మేడమ్, ఆయన ఒక్కమాట కూడా అనలేదు. ‘నీకెందుకీ కోత?’ అనే అంటున్నారు. ఎవరో ఏదో అన్నారని కాదు. జాకెట్టు కుట్టించుకోవడానికి పోతే కొలత ఇవ్వడానికి నాకే మనసొప్పడం లేదు. నా ఒళ్ళు నాది కానట్టుంది,” అని చెప్పినది. అత్తగారికి ఈ సంగతి ఎట్లో తెలిసినదట. “ఇద్దరు పిల్లల తల్లివి, ఇంకా నీకెందుకమ్మా ఈ సోకులు?” అన్నదట.

ఆ రెండు మాటలూ నన్ను ఆలోచింపజేసినవి. ప్రకటనల పటం ఆమెతో, నీవు చెడిపోయినావు, డబ్బిస్తే బాగుచేస్తామంటున్నది. ఇంటి పెద్దరికం ఆమెతో, నీవు తల్లివైనావు, ఇక నీకు నీ దేహంతో పనిలేదంటున్నది. ఒకటి ఆశ చూపుతున్నది, మరొకటి సిగ్గుపరుస్తున్నది. ఆమె ఏమనుకొంటున్నదో ఈ రెండూ అడగడం లేదు. తల్లి అయినంతమాత్రాన స్త్రీ తన రూపాన్ని గూర్చి చింతించకూడదనడం ఎంత అన్యాయమో, తల్లి అయినందువలన ఆమె రూపం చెడిపోయినదనడం అంతే అన్యాయం.

ఆమె తుదకు ఏమి నిశ్చయించుకొన్నదో ఇక్కడ వ్రాయడం భావ్యం కాదు. అది ఆమె సొంత విషయం. ఆనాడు మేము కలిసి తెలుసుకొన్న సంగతులు మాత్రం పదిమందికీ పనికివచ్చేవి కనుక చెప్తున్నాను.

మొదటి స్త్రీ కథ

ఈ శస్త్రచికిత్సకు చాల కథ ఉన్నది. 1895లో జర్మనీలోని హైడెల్బెర్గ్ నగరంలో విన్సెంజ్ చెర్నీ అనే శస్త్రవైద్యుడు, గడ్డ తీసివేసినందువలన ఏర్పడిన లోటును పూరించడానికి, ఆ రోగి దేహంలోనే మరొకచోట పెరిగిన కొవ్వుకంతిని తెచ్చి అమర్చినాడు. అటుతరువాత పారఫిన్ మైనాన్ని సూదితో ఎక్కించిన వైద్యులు ఉన్నారు. దాని ఫలితాలు దారుణంగా పరిణమించినవి.

నేటి పద్ధతి 1962లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో పుట్టినది. రక్తాన్ని నిలువచేసే సీసాలకు బదులు ప్లాస్టిక్ సంచులు వస్తున్న కాలమది. అట్టి సంచిని చేతబట్టి నొక్కిన ఫ్రాంక్ జెరో అనే యువవైద్యునికి ఈ ఆలోచన తట్టినదని చెప్తారు. ఆయనా, థామస్ క్రోనిన్ అనే ఆచార్యుడూ కలిసి సిలికాన్ సంచిలో సిలికాన్ జిగురును నింపి, మొదట ఎస్మెరాల్డా అనే కుక్కకు అమర్చి చూచినారు. ఆ తరువాత దానిని స్వీకరించిన మొదటి స్త్రీ టిమ్మీ జీన్ లిండ్సే.

ఈమె ఆరుగురు బిడ్డల తల్లి. ఆసుపత్రికి ఆమె వచ్చినది ఇందుకు కానేకాదు; తన వక్షం మీది పచ్చబొట్టు తొలగించుకోవడానికి వచ్చినది. ఈ ప్రయోగానికి సమ్మతమా అని వైద్యులే అడిగినారు. తనకు ముందుకు పొడుచుకొని వచ్చిన చెవులను సరిచేయించుకోవాలన్న కోరిక ఉన్నదని ఆమె చెప్పినది. తుదకు రెండూ చేసినారు. యాభై సంవత్సరాల తరువాత కూడా ఆమె వాటితోనే జీవిస్తూ, పత్రికల వారికి తన కథ చెప్పినది.

ఈ కథలో గమనింపదగినది ఒకటున్నది. లక్షలాది స్త్రీలు తరువాత నడచిన ఈ బాటలో మొదటి అడుగు వేసిన తల్లి, ఆ కోరికతో ఇల్లు కదలలేదు. కోరిక ఆమెకు ఎదురువచ్చినది. తరువాతి కాలంలో ఆ ఎదురురావడమే ఒక వ్యాపారంగా మారినది. 1982లో అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘం వారు చిన్న వక్షోజాలు నిజానికి ఒక వ్యాధి వంటివని తమ ప్రభుత్వానికి విన్నవించినారు. ప్రకృతిసిద్ధమైన భేదానికి వ్యాధి అన్న పేరు పెడితే చికిత్సకు గిరాకీ ఏర్పడుతుంది కదా!

ఆపైన తగవులు వచ్చినవి. 1992లో అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ సిలికాన్ జిగురు సంచుల వాడకాన్ని కట్టడి చేసినది. దావాల తాకిడికి 1995లో డౌ కార్నింగ్ సంస్థ దివాలా కోరినది. 1999లో అక్కడి వైద్యశాస్త్ర సంస్థ నియమించిన నిపుణుల సంఘం, వీటివలన ఒళ్ళంతా వ్యాపించే కీళ్ళవ్యాధుల వంటివి వస్తవనడానికి ఆధారం లేదని, అయితే అమర్చినచోట వచ్చే చిక్కులు మాత్రం తరచుగా ఉన్నవని తేల్చినది. 2006లో తిరిగి అనుమతి లభించినది. 2010లో ఫ్రాన్సు దేశపు పి.ఐ.పి. సంస్థ వైద్యానికి తగని, పరిశ్రమలలో వాడే సిలికాన్‌ను నింపి అమ్మినట్లు బయటపడగా, ఆ సంస్థ అధిపతికి 2013లో 4 సంవత్సరాల శిక్ష పడినది. 2019లో, గరుకు ఉపరితలం గల కొన్ని సంచుల చుట్టూ అరుదుగా లింఫోమా అనే ఒక జాతి క్యాన్సర్ పుడుతున్నదని గుర్తించి, అలర్గాన్ సంస్థ వాటిని ప్రపంచమంతటా వెనుకకు తీసుకొన్నది.

చెన్నపట్టణంలో చర్చ

మన పొరుగున కూడా ఈ విషయం చర్చకు వచ్చినది. 2018 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం చెన్నైలోని స్టాన్లీ వైద్య కళాశాల ఆసుపత్రిలో వక్షోజాల శస్త్రచికిత్సను, పెంచడమూ తగ్గించడమూ రెండూ, ఉచితంగా చేసే కేంద్రాన్ని తెరచినది. తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న ఉత్తర చెన్నైలో ఉన్న పేదల ఆసుపత్రి అది. సౌందర్య చికిత్స ధనవంతులకే ఎందుకు పరిమితం కావలెనని ఆరోగ్యమంత్రి విజయభాస్కర్ ప్రశ్నించినారు. ప్రాణావసరమైన వైద్యానికే చాలని ప్రభుత్వధనాన్ని ఇందుకు వెచ్చించడం తగునా అని ప్రజారోగ్యశాఖ పూర్వపు అధికారులు ఎదురు ప్రశ్న వేసినారు. రెండు వాదాలలోనూ బలం ఉన్నది. వక్షోజాల అతిభారంతో మెడనొప్పి, వెన్నునొప్పి అనుభవించే స్త్రీకి, క్యాన్సర్ వలన రొమ్ము కోల్పోయిన స్త్రీకి, ఒక ప్రక్క ఎదుగుదల లోపించిన బాలికకు ఈ విద్య మహోపకారం చేస్తుందనడంలో సందేహం లేదు. బిడ్డలు కలిగినందువలన వచ్చిన సహజమైన మార్పుకు దీనిని ఆశ్రయించడమే ఆలోచించదగిన విషయం.

నిర్ణయానికి ముందు

ఆలోచించే తల్లి మొదట తెలుసుకోవలసినది తన కోరిక ఏమిటన్నది. నిండుదనం తగ్గడం వేరు, జారడం వేరు. సిలికాన్ సంచి మొదటిదానికే ఉపాయం. రెండవదానికి చర్మాన్ని కత్తిరించి పైకెత్తి కుట్టే మరొక శస్త్రచికిత్స కావలెను. దాని మచ్చలు ఎక్కువ. ఒకదానికి పోయి మరొకటి చేయించుకొని నిరాశపడేవారు ఉన్నారు.

రెండవది కాలం. బిడ్డ పాలు మానిన తరువాత దేహం కుదుటపడడానికి కొన్ని నెలలు పట్టును. మరొక బిడ్డ కావలెననుకొనేవారు ఆగడమే మేలు. మరొక గర్భంతో ఆకృతి మళ్ళీ మారవచ్చును, శస్త్రచికిత్స వలన పాలు తగ్గనూ వచ్చును. ప్రసవానంతరం మనస్సు క్రుంగి ఉన్న రోజులలో అద్దం చెప్పేదంతా నిజం కాదు. అటువంటి స్థితిలో మొదట చూడవలసినది మనస్సుకు చికిత్స చేసే వైద్యుని.

మూడవది, ఇది ఒక్కనాటితో ముగిసే పని కాదు. ఈ సంచులు జీవితాంతం నిలిచేవి కావని అమెరికా నియంత్రణ సంస్థయే చెప్తున్నది. ముప్పదియైదేండ్లకు చేయించుకొన్నవారు ముందుముందు వాటిని మార్పించుకోవడానికో, తీయించుకోవడానికో మరల శస్త్రచికిత్సకు సిద్ధపడి ఉండవలెను. దేహం తనలోనికి వచ్చిన పరాయి వస్తువు చుట్టూ ఒక పొరను అల్లుకొంటుంది. ఆ పొర బిగిసి గట్టిపడి నొప్పి పుట్టవచ్చును. చనుమొనల స్పర్శ తగ్గవచ్చును. సిలికాన్ సంచి లోపల చినిగినా పైకి తెలియకపోవచ్చును గనుక, 5, 6 సంవత్సరాలకు ఒకసారి, ఆపైన ప్రతి 2, 3 సంవత్సరాలకు స్కానింగ్ చేయించుకోవలసి ఉంటుంది. క్యాన్సర్ కోసం తీసే మామోగ్రాంలో కొంత భాగాన్ని ఇది కప్పివేస్తుంది. అందుచేత అదనపు చిత్రాలు తీయించవలెను, ఆ సంగతి అక్కడివారికి ముందుగా చెప్పవలెను.

నాలుగవది ధనం. రోగచికిత్సకు వర్తించే భీమా సౌందర్య శస్త్రచికిత్సకు సాధారణంగా వర్తించదు. ప్రమాదం, కాలినగాయాలు, క్యాన్సర్ వంటి వాటి తరువాత చేసే పునర్నిర్మాణానికే మినహాయింపు. 2017లో వచ్చిన వస్తుసేవల పన్ను చట్టం కూడా వైద్యసేవలకు ఇచ్చిన మినహాయింపును దీనికి ఇవ్వలేదు. మొదటినాటి ఖర్చుతో బాటు, తరువాతి స్కానింగుల ఖర్చూ, రెండవ శస్త్రచికిత్స ఖర్చూ లెక్కలో వేసుకోవలెను.

ఐదవది వైద్యుడు. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. గాని, డి.ఎన్.బి. గాని పొందినవారేనా, మత్తు ఇచ్చే నిపుణుడు వేరుగా ఉన్నాడా, ఏ సంస్థ తయారుచేసిన సంచిని వాడుతున్నారు, దాని వివరపత్రం చేతికి ఇస్తారా – ఇవి అడగడం మర్యాదలోపం కాదు. 2021లో అమెరికాలో ఈ సంచుల మీద గట్టి హెచ్చరిక ముద్రించవలెనని, ప్రమాదాలను ఒక్కొక్కటిగా వివరించే పత్రాన్ని ముందుగా రోగి చేత చదివించి సంతకం చేయించవలెనని నియమం పెట్టినారు. ఆ పత్రంలోని ప్రశ్నలే మనమూ అడగవచ్చును.

ఇక లేపనాలు, తైలాలు, మాత్రలతో వక్షోజాలను పెంచుతామనే వారి మాట నమ్మదగినది కాదు. 1954లోనే మన పార్లమెంటు చేసిన ఔషధాల అభ్యంతరకర ప్రకటనల చట్టంలో, ప్రకటించకూడని విషయాల పట్టికలో స్త్రీల వక్షపు ఆకృతి కూడా చేరి ఉన్నది. ఇన్నేళ్ళ క్రిందట నిషేధించిన ప్రకటనలు నేటికీ వేర్వేరు రూపాలలో కానవస్తూనే ఉన్నవి. వ్యాయామం వలన క్రిందనున్న కండరం బలపడుతుంది, నిలుచున్న తీరు బాగుపడుతుంది. గ్రంథి మాత్రం పెరగదు. సరియైన కొలతలతో కుట్టించుకొన్న లోదుస్తులతోనే తృప్తిపడినవారూ ఉన్నారు.

ఇన్ని చెప్పినంతమాత్రాన చేయించుకోవడమే తప్పని నా భావం కాదు. చేయించుకొన్నవారిలో ఎక్కువమంది తమ ఆకృతి విషయంలో తృప్తిగా ఉన్నట్లు పరిశోధనలు తెలుపుతున్నవి. అన్నీ తెలిసి, తొందరపడక, తన సంపాదనతో, తన ఇష్టంతో ఒక తల్లి ఈ నిర్ణయానికి వస్తే ఆమెను ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. అన్నీ తెలిసి వద్దనుకొన్నదానిని చాదస్తురాలనే హక్కు కూడా లేదు. దాంపత్యంలోని కలతను గాని, నలుగురిలోని చిన్నతనాన్ని గాని ఈ శస్త్రచికిత్స మాన్పుతుందని ఎవరైనా ఆశ చూపితే మాత్రం, ఆ మాట నమ్మవద్దని చెప్పవలసిన బాధ్యత మనకున్నది.

ఉపాధ్యాయ మిత్రులకు ఇందులో చేయదగిన పని చాల ఉన్నది. జీవశాస్త్రపు పాఠంలో క్షీరగ్రంథుల ప్రస్తావన వచ్చినప్పుడు దానిని దాటవేయక, గర్భంలోనూ, పాలిచ్చేటప్పుడూ, పాలు మాన్పించిన తరువాతా వచ్చే మార్పులను సహజ ధర్మాలుగా చెప్పవచ్చును. ప్రబంధ పద్యం వచ్చినప్పుడు, ఆ ఉపమానం కవి కల్పన అని, స్త్రీ దేహానికి కొలబద్ద కాదని ఒక్క వాక్యం చేర్చవచ్చును. ఆడపిల్లలతో బాటు మగపిల్లలూ ఆ మాట వినవలెను. ఉపాధ్యాయుల గదిలో తోటి ఉపాధ్యాయిని రూపాన్ని గూర్చిన వేళాకోళం మొదలయినప్పుడు మాట మార్పించవచ్చును.

ఏటా ఆగస్టు మొదటి వారంలో తల్లిపాల వారోత్సవాలు జరుగుతవి. అంగన్వాడీలలో, ఆసుపత్రులలో గోడపత్రాలు అంటిస్తారు. వాటిపై చంటిబిడ్డను ఒడిలో పెట్టుకొన్న తల్లి బొమ్మ ఉంటుంది. ఈసారి ఆ సభలలో మాట్లాడే అవకాశం వచ్చినవారు, ఆ బిడ్డ పాలు మానిన తరువాత ఆ తల్లి దేహం ఎట్లా మారునో, అందుకు ఆమె ఎందుకు సిగ్గుపడనక్కరలేదో కూడా రెండు మాటలు చెప్పగలిగితే బాగుండును.